సుడిగుర్రం ముందు, నేను వెనక

మా బావ బాలుసామి ఆ గుర్రప్పిల్లను నాకు ప్రేమతో ఇచ్చాడని ఎవరైనా అంటే, వాళ్ళకు మా బావ సంగతి తెలియదన్నమాట. అది పుట్టిన మూడో రోజు ఎడమ కంటి కింద, సరిగ్గా కన్నీరు జారే చోట, సుడి కనిపించింది. వెంట్రుకలు గుండ్రంగా తిరిగి అర్ధరూపాయి బిళ్ళంత ఉంది. మా తమిళనాడు వైపు గుర్రాలు పెంచేవాళ్ళకు ఇంతకంటే చెడ్డ సుడి లేదు. కన్నీటి సుడి ఉన్న గుర్రం ఎవరి కొట్టంలో ఉంటే ఆ ఇంటి మగవాడు పోతాడని, ఆ ఇంటి ఆడది ఏడుస్తుందని నమ్మకం. రాజపాళయంలో కంప్యూటర్ ఉద్యోగాలు చేసేవాళ్ళు కూడా గుర్రం కొనాల్సి వస్తే ముందు సుడులు చూసి, తర్వాతే పళ్ళు చూస్తారు.

మా ఆయన అన్న అంటే నాకు బావ వరస. ఆయన బండి పందేల మనిషి. ఇంటి వెనక కొట్టంలో ఐదు గుర్రాలు, ముందు గదిలో కప్పులు, షీల్డులు, దండలు వేసిన ఫోటోలు. ఆ ఫోటోల్లో మనుషుల కంటే గుర్రాలే ఎక్కువ. అట్లాంటి ఇంట్లో సుడి ఉన్న పిల్ల పుట్టేసరికి చావు కబురు వచ్చినట్టు అందరూ వాకిట్లో నిలబడ్డారు. సంతకు తోలినా ఎవరూ కొనరు. ఊరికే ఇచ్చినా పట్టుకుపోయేవాడు లేడు. అప్పుడు నేను అడిగాను.

"నాకు ఇయ్యండి బావా."

"సుళి చూడలేదా నువ్వు?"

"చూసినాను. అది మొగుణ్ణి తీసుకొని పోతాదంట కదా. నా దగ్గర తీసుకొని పోయేదానికి ఎవురుండారు?"

వాకిట్లో ఉన్నవాళ్ళంతా తలలు దించుకున్నారు. మా ఆయన నందకుమార్ అంతకు నాలుగున్నరేళ్ళ ముందు నలభై ఒకటో ఏట గుండె ఆగి పోయాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని పోయాడు, పక్కన ఉన్నవాడికి కూడా తెలియలేదు. తర్వాత్తర్వాత ఊళ్ళో కొందరు ఆ గుర్రం సుడి వల్లే ఆయన పోయాడని కూడా చెప్పుకున్నారు. పుట్టకముందే చంపే గుర్రాన్ని మా ఊరివాళ్ళే చూసి ఉంటారు.

"తీసుకొని పో," అన్నాడు మా బావ. "మళ్ళీ అది నా కంటికి కనపడకూడదు."

ఈ మాట నలుగురి ముందు అన్నాడు. కాగితం మీద రాయించుకోవాలని నాకు తోచలేదు. సొంత మనుషుల దగ్గర మనం ఎప్పుడూ చేసే తెలివితక్కువ పనే ఇది.

నాకు గుర్రం సరదా కోసం కాదు. సేత్తూరు దాటి కొండ కిందికి పోతే మా తోపు. రెండున్నర ఎకరాల కొబ్బరి, మధ్యమధ్య మామిడి. తోపుకూ రోడ్డుకూ మధ్య ఒక వాగు అడ్డం, దాంట్లో మినీ లారీ దిగదు. మా ఆయన ఉన్నన్నాళ్ళూ కాయలు ఎద్దుబండిలో రోడ్డెక్కేవి. ఆయన పోయాక బండి నేనే తోలాను, అరక నేనే పట్టాను. ఆడది మేడి పట్టకూడదని చెప్పడానికి సత్రపట్టి నుంచి చుట్టాలు పనిగట్టుకొని బస్సెక్కి వచ్చారు. కాఫీ ఇచ్చి పంపించాను. తర్వాత ఎద్దుల్లో ఒకటి చచ్చిపోయింది, రెండోది ఇంక లేవలేనంది. బండి ఉంది, లాగేది లేదు. ఈ పిల్ల పెరిగి పెద్దదైతే నా బండి కదులుతుంది, నా కాయలు నా చేతుల మీదుగా రోడ్డెక్కుతాయి, ఎవరి ట్రాక్టరు కోసం ఎవరి వాకిట్లోనూ నిలబడక్కర్లేదు. ఇంతే నా లెక్క.

ఎర్రటి గోధుమరంగు. సెవ్వంది అని పేరు పెట్టాను, అంటే చామంతి. రెండేళ్ళు తోపులో తిరిగి, గడ్డి మేసి, నా వెనక కుక్కపిల్లలాగా తిరిగి పెరిగింది. దానికి పని నేర్పే వేళ వచ్చేసరికి నాకు ఎద్దుల సంగతి తప్ప ఇంకేమీ తెలియదని అర్థమైంది. అందుకని బొమ్మయ్య దగ్గరికి వెళ్ళాను.

బొమ్మయ్య సేత్తూరు బస్టాపులో టీ కొట్టు బెంచీ మీద పొద్దున్నుంచీ కూర్చునే ముసలాయన. డెబ్బై ఎనిమిదేళ్ళు. ఒకప్పుడు రాజపాళయం రైల్వే స్టేషన్ ముందు జట్కా తోలాడు. ఆటోలు వచ్చి ఆయన గుర్రాన్ని, ఆయన్ను కలిపి ఇంటికి పంపించాయి. నేను చెప్పింది విని గ్లాసులో టీ అంతా తాగి, మూతి తుడుచుకొని అడిగాడు.

"సుళి గుర్రమా?"

"అవును తాతా. భయమా మీకు?"

"నాకు డెబ్బై ఎనిమిది. ఏ సుళి వచ్చినా మిగిలిండేది ఎంత అమ్మా?" అని లేచి కర్ర అందుకున్నాడు.

పందేలవాళ్ళు గుర్రాన్ని పనిలో పెట్టే తీరు నేను మా బావ కొట్టంలో చూసిందే. ఇద్దరు మనుషులు ముందు తల పట్టుకుంటారు, వెనక ఒకడు కొరడా తీసుకుంటాడు, మొదటి రోజే బండి కట్టేస్తారు. కేకలు, డబ్బా చప్పుళ్ళు. అది అలిసి నురగ కక్కేదాకా పరిగెత్తిస్తారు. నాలుగు రోజుల్లో పని అయిపోయింది అంటారు. బొమ్మయ్య ఆ మాట వింటేనే ఉమ్మేశాడు.

"భయంతో పరిగెత్తేదాన్ని వాళ్ళు వేగం అంటారు. మా కాలంలో బండి కట్టే ముందర ఆరు నెలలు నేల మీద నడిపిస్తాము. పొడుగు పగ్గాలు పట్టుకొని మనిషి వెనకాల నడుస్తాడు. గుర్రం ముందర. దాని ముందర ఎవురూ ఉండరు. దారి అదే చూసుకోవాల, ధైర్యం అదే తెచ్చుకోవాల. అది నేర్చిన గుర్రానికి బండి ఒక లెక్క కాదు."

నోట్లో ఇనుము వద్దన్నాడు. మెత్తటి నూలు తాడుతో ముఖానికి పట్టీ అల్లాం. బావిలో నీళ్ళు తోడే చేంతాళ్ళు రెండు, ఒక్కొక్కటి ఇరవై అడుగులు, నాలుగుసార్లు ఉతికి మెత్తబరిచాను. పొట్ట చుట్టూ కట్టడానికి పాత కారు సీటు బెల్టు, దాని కింద ఒరుసుకోకుండా గోనెపట్టా. బెల్టుకు రెండు పక్కలా ఇనుప రింగులు వెల్డింగ్ షాపులో పెట్టించాను. తాళ్ళు ఆ రింగుల్లోంచి వెనక్కి రావాలి. షాపువాడు ఇది దేనికని అడిగాడు. గుర్రానికి అన్నాను. గుర్రం ఎవరిదని అడిగాడు. నాదే అన్నాను. ఆ మాట అనడం బాగుంది, ఇంకోసారి అడిగితే బాగుండుననిపించింది.

మొదటి నెల పగ్గాల జోలికే పోలేదు. నడువంటే నడవడం, నిల్లంటే నిలబడడం, రొమ్ము మీద వేలు పెడితే వెనక్కి అడుగు వేయడం. గోనెసంచి ఒంటి మీద విసరడం, ప్లాస్టిక్ కవరు చెవుల దగ్గర ఆడించడం, గొడుగు తెరిచి మూయడం. అది బెదిరి కళ్ళు తెల్లగా చూపిస్తే ఆపకూడదు, కానీ ముందుకు పోకూడదు. అక్కడే ఉండాలి. దాని మెడ దిగి నిట్టూర్చిన క్షణంలో గొడుగు మూసి పక్కకు వచ్చేయాలి. మెచ్చుకోలు అదే. బెల్లం పెడదామంటే బొమ్మయ్య ఒప్పుకోలేదు. "బెల్లం పెడితే బెల్లం కోసం చేస్తాది. నువ్వు వదిలిపెడితే నీ కోసం చేస్తాది," అన్నాడు.

రెండో నెల ఒక్క తాడుతో నా చుట్టూ గుండ్రంగా తిప్పాను, కుడికి కొంతసేపు, ఎడమకు కొంతసేపు. తర్వాత రెండో తాడు వీపు మీదుగా వేసి, వెనక్కాళ్ళ మీదికి జార్చాలి. ఇదే కష్టమైన చోటు. తాడు తగిలితే పామనుకుంటుంది. మొదటిసారి రెండు కాళ్ళూ ఎత్తి తన్నిన తన్నుకు కొబ్బరిచెట్టు మట్ట ఊడి పడింది. పదిహేను రోజులు రోజూ తాడు జార్చి, తీసి, జార్చి, తీసి, చివరికి తాడు మోకాళ్ళ వెనక వేలాడుతున్నా చెవి కూడా తిప్పలేదు.

నా తలకు పొగరెక్కింది ఆ రోజే. రెండు పగ్గాలూ పట్టుకొని వెనక నడుస్తానన్నాను. బొమ్మయ్య ముందు తల దగ్గర నిలబడతానంటే వద్దన్నాను. నాలుగేళ్ళు ఎద్దుల వెనక నడిచినదాన్ని, నాకు నడక నేర్పేదేముంది అనుకున్నాను. ఆ ఎద్దుల అలవాటే నా కొంప ముంచింది. అరక వెనక నడిచినట్టు సరిగ్గా తోక వెనకే నడిచాను. ఎద్దుల పగ్గం చుట్టుకున్నట్టు ఎడమ మణికట్టుకు తాడు రెండు చుట్లు చుట్టుకున్నాను. పది అడుగులు బాగానే వేసింది. నేను నాలుకతో ఎద్దును అదిలించినట్టు చప్పుడు చేశాను. దానికి నేను కనిపించడం లేదు. వెనక నుంచి ఏదో చప్పుడు, కాళ్ళ మధ్య తాడు, మనిషి లేదు. ఒక్క దూకు దూకింది. నేను భయపడి గట్టిగా లాగాను. లాగేకొద్దీ పరిగెత్తింది. తోపు చివర సీమతుమ్మ కంచె దాకా నన్ను నేల మీద ఈడ్చుకుపోయింది. ముళ్ళలో పడ్డాక తాడు తెగింది కాబట్టి బతికాను.

బొమ్మయ్య కర్ర పొడుచుకుంటూ నింపాదిగా వచ్చాడు.

"చెయ్యి ఉండాదా?"

చూసుకున్నాను. తోలు లేచిపోయి రక్తం కారుతోంది. వేళ్ళు కదులుతున్నాయి. "ఉండాది."

"అట్లయితే రేపు."

నేను ముళ్ళు తీసుకుంటూ ఉంటే, కట్టు తెగిన గుర్రం తనంతట తనే తిరిగి వచ్చి నాలుగు గజాల దూరంలో నిలబడి నన్ను చూసింది. అప్పుడు చెప్పాడాయన. "ఎద్దుకు నువ్వు వెనకాల ఉంటే ధైర్యం. గుర్రానికి వెనకాల ఏదుంటే అది పులి. కొంచెం పక్కగా నడువు, దాని కంటి కొసకు నువ్వు కనపడాల. బెదిరితే లాగవద్దు. నువ్వు లాగితే, నీకు కూడా భయమని దానికి తెలిసిపోతాది. వదులు చెయ్యి."

వదులు చేయడం నాకు చేతకాలేదు. బెదిరిన జంతువు చేతిలో ఉంటే పిడికిలి తనంతట తనే బిగుసుకుంటుంది. ఆ పిడికిలి విప్పడానికి గుర్రానికి కాదు, నాకు రెండు నెలలు పట్టింది. చివరికి ఒక పొద్దున తోపంతా చుట్టి, వాగులో దిగి, ఎదురుగా వచ్చిన మేకల మందలోంచి దాన్ని నడిపించుకొని రోడ్డు దాకా వెళ్ళి తిరిగి వచ్చాను. పగ్గాలు చేతిలో ఉన్నాయన్న మాటే గానీ బరువు లేదు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం పెళ్ళినాడు కూడా కలగలేదు. ఇది మా ఆయన విన్నా ఒప్పుకుంటాడు.

దారిలో జనం ఊరుకుంటారా. "నాగలి లేకుండా దున్నతా ఉండావా సుగంధీ?" అని ఒకరు, "బండి ముందు చేయించుకోని అప్పుడు గుర్రాన్ని కట్టు" అని ఒకరు. నవ్వేవాళ్ళ నోటికి అడ్డం పడడం నా పని కాదు. బరువు అలవాటయ్యేందుకు పాత టైరు కట్టి లాగించడం మొదలుపెట్టాం. వానలు వెనక్కి తగ్గాక బండి కడదామని బొమ్మయ్య అన్నాడు.

అప్పుడు వచ్చాడు మా బావ.

ఆదివారం, తోపులో ఏదో గెట్టు పని మీద వచ్చానన్నాడు. సెవ్వంది ఆ వేళ కట్టు లేకుండా మేస్తోంది. మోటారుసైకిలు చప్పుడు విని తల ఎత్తి, తోపు ఈ చివర నుంచి ఆ చివరకు ఊరికే ఒక పరుగు తీసింది. కొబ్బరిచెట్ల మధ్య దాని ఎర్రటి ఒళ్ళు వెలిగి ఆరినట్టు కనిపించింది. మా బావ బండి మీదే కూర్చుండిపోయాడు. ఆయన కళ్ళలో నేను ఆ చూపు అంతకుముందు చూశాను. కప్పు అందుకునేటప్పుడు ఫోటోల్లో ఉండే చూపు అది.

"సుగంధీ, దీన్ని నువ్వు బాగా పెంచినావు."

మా బావ పొగిడితే ఏదో అడగబోతున్నట్టే. నేను సెవ్వంది వైపు రెండడుగులు వేశాను.

"ఆడి నెలలో పందయం ఉండాది. దీన్ని దించుతాము. శుక్రవారం ఎక్కించుకొని వచ్చేదానికి వేను పంపిస్తాను."

"రెండున్నర ఏళ్ళే బావా దీనికి. ఇంకా పళ్ళు మారేది ఉండాది."

"నాకే పళ్ళు చెప్తావా?"

"సుళి ఉండాది కదా."

"దానికేమి. ఒక సూడు పెడితే పోతాది. కంచె కమ్మీ గీరుకొనిందని చెప్తాము. ఎవురు అడుగుతారు?"

సూడు పెట్టడమంటే ఎర్రగా కాల్చిన ఇనుమును ఒంటి మీద పెట్టడం. కంటికి వేలెడు దూరంలో. అక్కడ వెంట్రుక మళ్ళీ మొలవదు, కాబట్టి సుడి ఉండదు. సుడి లేదు కాబట్టి పందెంలో ఎవరూ అడ్డం చెప్పరు.

"నలుగురి ముందర నాకు ఇచ్చినారు కదా బావా."

"పెంచేదానికి ఇచ్చినాను. తల్లి నాది. పిల్ల నీదెట్ల అయితాది?" అని బండి స్టార్ట్ చేశాడు.

ఆ రాత్రి కోపంతో అన్నం సహించలేదు. సుడి నిజమో అబద్ధమో నాకు తెలియదు. నేను చదువుకున్నదాన్ని కాదు, అంత తెలివైనదాన్నీ కాదు. కానీ ఒక మాట తెలుసు. ఇచ్చేటప్పుడు నిజమైనది తీసుకునేటప్పుడు అబద్ధం కాకూడదు. నా ఇంట్లో ఉంటే చావు, తన ఇంట్లో ఉంటే కప్పు. ఇదేం సుడి? పెద్దల దగ్గరికి పోతే ఏం చెప్తారో ముందే తెలుసు. మగవాడి మాట ఒకటి ఉంటుంది కదమ్మా, ఇంకో పిల్లను ఇప్పిస్తాములే అంటారు. పోలీసు దగ్గరికి పోతే కాగితం ఏదంటారు.

బుధవారం మా తోడికోడలు రాక్కమ్మాళ్ ఫోన్ చేసింది. మా బావ భార్య. ఆమెది ఎప్పుడూ గొంతు తగ్గించిన మాటే.

"రేపు సాయంకాలం సూడు పెట్టే మనిషి వస్తాడంట. శుక్రవారం పొద్దున దాన్ని తెచ్చి దించినాక పెడతారంట. పందయంలో తోడు కలిసే కూట్టాళీలు నలుగురూ రేపు మధ్యాహ్నం మా ఇంటికే వస్తుండారు, పేరు రాయించేదానికి. మీ బావ కొత్త గుర్రం ఉండాదని వాళ్ళకు చెప్పినారు. సుళి సంగతి చెప్పలేదు."

"నువ్వు ఏల నాకు చెప్తుండావు అక్కా?"

"అది మా కొట్టానికి రాకూడదు," అంది. "నాకు భయంగా ఉండాది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ ఆ భయమే నాకు దారి చూపింది. సూడు పెట్టాలంటే ఆ సుడిని పందేలవాళ్ళెవరూ చూసి ఉండకూడదు. రాజపాళయమంతా చూసేస్తే, ఆ చోట కాలిన మచ్చ చూడగానే ఊరంతా చెప్పేస్తుంది. ఇంక సూడుకు పని ఉండదు. తల పట్టుకొని ముందు నడిస్తే జనం నన్ను చూస్తారు. వెనక నుంచి నడిపిస్తే దాని ముఖాన్నే చూస్తారు.

గురువారం పొద్దున సెవ్వందిని కడిగి దువ్వాను. దేవుడి గూట్లో కుంకుమ భరిణ ఉంది. ఏడేళ్ళుగా నేను నుదుట పెట్టుకోకూడని కుంకుమ. గుర్రానికి పెట్టకూడదని ఎవరూ చెప్పలేదు. వేలు తడిపి సుడి చుట్టూ గీత గీశాను, మధ్యలో బొట్టు పెట్టాను. పది గజాల దూరం నుంచి కూడా కనిపిస్తోంది.

బొమ్మయ్య వంగి ఆ బొట్టు చూశాడు. "తెన్‌కాశి రోడ్డు అమ్మా అది. లారీలు. నేను తల పట్టుకుంటాను."

"ముందర ఎవురూ వద్దని మీరే చెప్పినారు కదా తాతా."

ఆయన గొణుక్కుంటూ వెళ్ళి బస్సెక్కాడు. రాజపాళయంలో దిగి మా బావ వీధి మొదట్లో ఉంటానన్నాడు.

ఎనిమిది కిలోమీటర్లు. మొదటి లారీ వెనక నుంచి గాలి హారన్ కొట్టుకుంటూ వచ్చినప్పుడు సెవ్వంది నడుము గట్టిపడడం తాళ్ళలో తెలిసింది. నా పిడికిలి బిగుసుకోబోయింది. విప్పాను. "మెల్ల, మెల్ల," అన్నాను. అది ఒక చెవి నా వైపు, ఒక చెవి లారీ వైపు పెట్టుకొని నడిచింది. పదో లారీకి చెవులు రెండూ ముందుకే ఉన్నాయి. తళవాయిపురం బస్సు కండక్టరు తల బయటపెట్టి, అమ్మా మీ బండి ఎక్కడో జారిపోయింది చూసుకోండి అని తమిళంలో అరిచాడు. ముందు గుర్రం చేరనీ, బండి తర్వాత వస్తుందని నేనూ అరిచాను. బస్సంతా నవ్వింది. ఆ నవ్వుతో పాటే పది ఫోన్లు కిటికీల్లోంచి బయటికి వచ్చాయి.

అంతే, నా పని సగం వాళ్ళే చేసేశారు. ఊరు చేరకముందే వీడియో ఊరు చేరింది. పూల కొట్ల దగ్గర ఆడవాళ్ళు లేచి నిలబడి చూశారు. "కన్నీటి సుళి," అని ఒకామె వేలు పెట్టి చూపించింది. "కుంకం పెట్టుండాది చూడు." నడుముకు దోపుకున్న నా ఫోను మోగుతూనే ఉంది. రెండు చేతుల్లో పగ్గాలు ఉంటే ఎత్తేదెట్లా. చేతులు నొప్పి పుడుతున్నాయి, కాళ్ళు బొబ్బలెక్కాయి, భయం కూడా ఉంది. అబద్ధమెందుకు చెప్పాలి. అది ఒక్క దూకు దూకితే రోడ్డు మీద ఇద్దరం పోతాం. కానీ నా ముందు ఎవరూ లేని ఆ రోడ్డు మీద, అది నెమ్మదిగా తల ఊపుకుంటూ నడుస్తుంటే, నాకు గొప్పగా అనిపించింది.

మా బావ వీధి ఇరుకు. వీధి మొదట్లో బొమ్మయ్య కర్ర ఆనుకొని ఉన్నాడు. ఇంటి ముందు మోటారుసైకిళ్ళు, అరుగు మీద మా బావ, పందెం కూటమివాళ్ళు నలుగురు, మధ్యలో నోటు పుస్తకం. సెవ్వందిని సరిగ్గా అరుగు ఎదురుగా నిలిపాను. నేను పదిహేను అడుగుల వెనక ఉన్నాను. అరుగు మీదివాళ్ళకూ గుర్రానికీ మధ్య ఎవరూ లేరు.

"బావా, మీ గుర్రాన్ని తెచ్చినాను. రేపు మీకు వేను ఖర్చు ఏల. కొట్టం తలుపు తీయండి."

కూటమిలో పెద్దవాడు జెయకుమార్ అరుగు దిగి, గుర్రం ముఖం దగ్గరికి వచ్చి వంగి చూశాడు. చేతులు మాత్రం వెనక్కి కట్టుకున్నాడు, ఎక్కడ తగులుతుందోనని.

"బాలుసామీ, ఇదేనా నువ్వు చెప్పిన కొత్త గుర్రం? ఇది కన్నీటి సుళి కదా."

"ఏదో మచ్చ అది. ఆమె కుంకం పూసి తెచ్చిండాది."

"తుడిచి చూడండి," అన్నాను నేను. ఎవరూ ముట్టుకోలేదు. పగ్గాలు రెండూ ఒక చేతిలోకి తీసుకొని, దాని పక్కగా నడిచి వెళ్ళి కొంగుతో తుడిచి, మళ్ళీ నా చోటికి వచ్చాను. అది కదల్లేదు. నలుగురూ మెడలు చాచి చూశారు. సుడి సుడే.

"దీని పక్కన నా గుర్రాన్ని నిలపను," అన్నాడు జెయకుమార్. మిగతా ముగ్గురూ అరుగు మీద కొంచెం వెనక్కి జరిగారు.

మా బావ ముఖం నల్లబడింది. అరుగు దిగి తన మోటారుసైకిలు ఎక్కి స్టార్ట్ చేసి, గుర్రానికి మూడడుగుల దూరంలో యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పాడు. హారన్ మీద బొటనవేలు పెట్టి తీయలేదు. ఆ ఇరుకు వీధిలో చెవులు పగిలిపోయాయి. దాన్ని బెదరగొట్టి, అది నన్ను ఈడ్చుకుపోతే నలుగురూ చూసి నవ్వి, ఆ నవ్వులో తన మాట నిలబెట్టుకోవాలని. సెవ్వంది ఒళ్ళంతా వణికింది. పొట్ట బెల్టు దగ్గర తోలు అదరడం నాకు కనిపిస్తోంది. పట్టుకోమని నా చేతులు అరిచాయి. నేను రెండు పగ్గాలూ వదులు చేశాను, నేల తాకేదాకా. "నిల్లు," అన్నాను. నా గొంతు దానికి వినిపించిందో లేదో.

అది నిలబడింది. పొగలో, మోతలో, నాలుగు కాళ్ళ మీద వణుకుతూ నిలబడింది. మా బావకే చెయ్యి నొప్పి పుట్టి యాక్సిలరేటర్ వదిలాడు.

"కొట్టం తలుపు తీయండి బావా," అన్నాను మళ్ళీ. "మీ గుర్రం అన్నారు కదా. లోపలికి తోలుకొని పోండి."

తలుపు దగ్గరికి వచ్చింది రాక్కమ్మాళ్. ఆమె అంతమంది మగవాళ్ళ ముందు గొంతెత్తడం నేను ఇరవై ఏళ్ళలో వినలేదు.

"ఆమెకే ఇచ్చేయండి. కప్పులు చాలు. నాకు మీరు కావాల."

ఆ మాట నాకు గుండెలో గుచ్చుకుంది. ఆమె నిజంగా నమ్మింది. ఆమె నమ్మకాన్ని పట్టుకొనే నేను గెలుస్తున్నాను. దానికి సిగ్గుపడ్డాను, కానీ పగ్గాలు వదిలిపెట్టలేదు.

"తోలుకొని పో," అన్నాడు మా బావ.

"గుర్రం ఎవురిదని చెప్పండి."

"పో అన్నాను కదా."

"చెప్పేదాకా ఈడనే నిలబడతాము. దీనికి నిలబడేది వచ్చు. చూసినారు కదా."

ఎంతసేపో తెలియదు. వెనక ఒక ఆటో వచ్చి ఆగింది, దాని వెనక ఇంకొకటి. ఎవరూ హారన్ కొట్టలేదు.

"నీదే," అన్నాడు.

"నలుగురికీ వినపడాల."

"నీదే సుగంధీ. నాకు దానితో సంబంధం లేదు. జెయకుమార్, విన్నావు కదా."

ఇరుకు వీధిలో గుర్రాన్ని వెనక నుంచి తిప్పడం అన్నిటికంటే కష్టం. ఒక తాడు పొడుగు చేస్తూ, ఇంకోటి కొంచెం కొంచెం అడుగుతూ, అడుగు వెనక అడుగు వేయించి తిప్పాను. బొమ్మయ్య సాయం రాబోయి ఆగిపోయాడు.

వీధి చివర పట్టుచీరల ఆడవాళ్ళు, తాంబూలం పళ్ళాలు పట్టుకొని ఎదురొచ్చారు, ఎక్కడికో నిశ్చితార్థానికి. ఏడేళ్ళుగా అట్లాంటివాళ్ళు ఎదురైతే నేనే గోడ వైపు తిరిగి నిలబడేదాన్ని, విధవ ఎదురొచ్చిందన్న మాట పడకుండా. వాళ్ళు ముందు గుర్రాన్ని చూశారు, తర్వాత నన్ను చూశారు. నేను గోడ వైపు తిరగలేదు. ముందు గుర్రం ఉంటే గోడకు తిరగడం కుదరదు.

"నడువు," అన్నాను.

నడిచింది. వాళ్ళు పళ్ళాలతో సహా గోడకు అతుక్కొని దారి ఇచ్చారు.